మెట్ట పొలంలో చెట్లు పెడితే బెట్టకు పంట నిలుస్తుందా, నీడకు పోతుందా?

మెట్ట రైతు:
రెండెకరాల మెట్ట. మొక్కజొన్న, మధ్యలో కంది సాళ్లు. ఇదివరకు వాన ఆలస్యమైనా దానికో లెక్క ఉండేది. ఇప్పుడు ఒక్క రోజులో కుండపోత, ఆ తర్వాత వారాల తరబడి చుక్క లేదు. సరిగ్గా పూత వేళకే బెట్ట పట్టుకుంటోంది. పొలంలో చెట్లు పెంచితే వాతావరణ మార్పును తట్టుకోవచ్చని అంటున్నారు. ఉన్నదే రెండెకరాలు, చెట్లు నీళ్లు తాగేసి నీడ పరిస్తే వచ్చే గింజ కూడా రాదేమోనని టెన్షన్. ఏ చెట్లు, ఎంత దూరంలో పెట్టాలి?

పాత గట్టు:
చెట్టు పేరు తర్వాత చూద్దాం. కుండపోత పడ్డప్పుడు నీళ్లు ఇంకుతున్నాయా, మట్టిని కోసుకుంటూ పోతున్నాయా? వేడిగాలి ఎటు నుంచి కొడుతుంది? మట్టి ఎంత లోతు?

మెట్ట రైతు:
కొంచెం వాలు ఉంది. నీళ్లు ఎర్రగా బురదతో పోతాయి. గాలి పడమటి నుంచి. రెండు మూడు అడుగుల కింద గట్టి పొర తగులుతుంది.

పాత గట్టు:
అలాగైతే మీకు వాన తగ్గడం కంటే పడ్డ వాన నిలవకపోవడమే ముందు సమస్య. వాలుకు అడ్డంగా, కాంటూరు వెంబడి, అంటే నేల ఒకే మట్టంలో ఉండే గీత వెంబడి గ్లైరిసీడియా చెట్ల వరసలు వేయండి. కొమ్మ గుచ్చినా నాటుకుంటుంది. నీళ్లు ఆ మొదళ్ల దగ్గర నెమ్మదిస్తాయి, బురద వరసకు పైవైపు పేరుకుంటుంది, కొన్నేళ్లకు అక్కడ చిన్న మెట్టులా తయారవుతుంది. గాలిలోని నత్రజనిని పట్టే జాతి కాబట్టి రొట్ట ఎరువుగానూ పనికొస్తుంది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో మొక్కజొన్న మధ్య దీన్ని పెంచి ఏటా రొట్ట వేసిన పొలాల్లో, ఎరువు కొనలేని రైతులకు కూడా దిగుబడి పెరిగింది.

అయితే కత్తి పట్టే ఓపిక ఉంటేనే ఇది చేయండి. మొక్కజొన్న నీడను అస్సలు ఓర్చుకోదు. విత్తే ముందు మోకాలి ఎత్తుకు నరికి రొట్ట పరచాలి. మళ్లీ చిగుళ్లు లేచాక, పూతకు ముందే ఇంకోసారి కొట్టాలి. ఆ రొట్ట సాళ్ల మధ్య పడి ఉంటే బెట్ట రోజుల్లో తేమ అంత త్వరగా ఆరిపోదు, నేల కాలదు. ఒక్క ఏడాది బద్ధకిస్తే పంట మీద చెట్టుదే పైచేయి.

ఎండమావి:
నేను ఒప్పుకోను. వానలు తక్కువ ఉన్న చోట ఈ వరసల పద్ధతి చాలా చోట్ల దెబ్బతింది. 1980ల్లో దీన్నే అల్లీ క్రాపింగ్ (చెట్ల వరసల మధ్య పంట) అని గట్టిగా ప్రచారం చేశారు. వానలు బాగా పడే చోట్ల ఫర్వాలేదు, ఎండు నేలల్లో మాత్రం చెట్టూ పంటా ఒకే తేమ కోసం కొట్టుకున్నాయి. పైగా కూలీ భారం. చాలామంది వదిలేశారు.

ఎండు ప్రాంతాల్లో నిలిచింది దూరం దూరంగా ఉండే చెట్లే. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్‌లో రైతులు కొత్తగా మొక్కలు నాటలేదు. పొలంలో బతికున్న పాత మోళ్ల నుంచి వచ్చే చిగుళ్లలో గట్టివి కొన్ని ఉంచి, మిగతావి కోసి పెంచారు. 1980ల నడుమ నుంచి అలా దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. అంతకుముందు చెట్టు ప్రభుత్వానిది అనే భావన ఉండేది కాబట్టి ఎవరూ కాపాడలేదు. తమదే అనే నమ్మకం కుదిరాకే చెయ్యి వేశారు. (మీరూ నాటే ముందు, ఆ జాతిని రేపు నరకాలంటే అనుమతి కావాలేమో కనుక్కోండి. ఇది చాలామంది మరిచిపోతారు.)

ఆఫ్రికాలో ఫైడెర్బియా అనే చెట్టు ఉంది. వానాకాలం మొదట్లో ఆకు రాలుస్తుంది, ఎండాకాలంలో చిగురిస్తుంది. పంట ఉన్నప్పుడు నీడ ఉండదన్నమాట. మీకు ఆ చెట్టే దొరక్కపోవచ్చు, కానీ ఎంపికలో చూడాల్సిన గుణం అదే: పంట కాలంలో ఎంత నీడ పరుస్తుంది?

పాత గట్టు:
కూలీ మాట నిజమే, కాదనను. కానీ బురద కొట్టుకుపోయే పొలంలో విడి చెట్లు ఆ నీటిని ఆపలేవు. అందుకే వరసల్ని దట్టంగా పెట్టకుండా రెండు మూడే పెట్టమంటాను. మధ్య ఖాళీ మీ గుంటక వెడల్పుకు సరిగ్గా భాగాలయ్యేలా చూసుకోండి, లేదంటే ప్రతి దున్నకంలో చికాకే. పడమటి గట్టున మాత్రం పొడవాటి చెట్లు వేయండి. చెట్టు ఎత్తుకు సుమారు పదింతల దూరం వరకు గాలి జోరు తగ్గుతుంది. గోడలా మూసేయకండి, గాలి కొంత జల్లెడ పట్టినట్టు దాటాలి. పూర్తిగా మూస్తే వెనకాల సుడి తిరిగి పంటను పడగొడుతుంది.

మెట్ట రైతు:
చెట్టు వేరు లోతుకు పోతుంది, పైనున్న నీటి జోలికి రాదు అంటారు కదా. నా గట్టి పొర మాటేమిటి?

ఎండమావి:
వాన తర్వాత గడ్డపార వేసి చూడండి. దిగితే వేరు కూడా దిగుతుంది. అలాంటి చోట కొన్ని చెట్లు రాత్రిళ్లు లోతు తేమను పై పొరకు తెస్తాయి కూడా. రాయి తగిలి ఖంగుమంటే మాత్రం ఆ మాట మీ పొలానికి వర్తించదు, వేర్లు పక్కకే పాకుతాయి. అప్పుడు గట్టు చెట్లకు ఒక మీటరు ఇవతల, పొలం వైపు సన్నని కందకం తీసి పక్కవేర్లను ఏటా తెంపాలి. యూకలిప్టస్ జోలికి వెళ్లొద్దు, మీ నేలకు అది దాహం.

నీడ పంట:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. చెట్లు గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల డబ్బు వస్తుందా?

పాత గట్టు:
రెండెకరాలకు విడిగా కష్టం. కొలతలకు, తనిఖీకి అయ్యే ఖర్చే మింగేస్తుంది. చాలామంది రైతులు ఒక గుంపుగా చేరితే ఆలోచించవచ్చు. దాన్నే నమ్ముకుని చెట్లు పెట్టకండి.

మెట్ట రైతు:
సరే, ముందు వాలు మీద రెండు వరసలు, పడమటి గట్టు. ఈ కాంటూరు గీత ఎలా గీయాలి? సర్వేయర్ కావాలా?

పాత గట్టు:
అక్కర్లేదు. మూడు కర్రలు ఇంగ్లీషు ఏ అక్షరంలా కట్టి, పైకొన నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. నేలలో కొట్టిన రెండు మేకుల మీద ఆ చట్రం కాళ్లు పెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి. కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమధ్య చోటే సమమట్టం. ఇక పొలంలో ఒక కాలు కదపకుండా, రెండోదాన్ని దారం ఆ గుర్తు మీదికి వచ్చేదాకా జరిపి మేకు కొట్టండి. అక్కడి నుంచి మళ్లీ తిప్పుకుంటూ పోవడమే. గాలి లేని పూట చేయండి, లేకపోతే రాయి ఊగుతూనే ఉంటుంది.