ఘాట్ ఎక్కే పాత బుల్లెట్‌కి పాయింట్లే ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయాలా?

జయపురం_74

అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా జయపురం. మా నాన్నగారి 1974 మోడల్ బుల్లెట్ 350ని ఏడాదిగా ఇంటి వెనక రేకుల షెడ్డులో విప్పి కట్టుకుంటున్నాను. ఫ్రేము ఎక్కడా కోయలేదు. పొడుగు సీటు తీసి సింగిల్ సీటు, చిన్న మడ్‌గార్డులు, కిందికి ఉండే హ్యాండిలు పెట్టాను. బోల్టులు విప్పి పాత సామాను బిగిస్తే మళ్లీ నాన్న బండి అయిపోవాలి, అదే నా షరతు. బోరు పని విశాఖలో చేయించి కొత్త పిస్టన్ వేశాను. మిగతాదంతా ఇంట్లోనే.

ఇప్పుడు ఇగ్నిషన్ దగ్గర ఆగిపోయాను. చల్లగా ఉన్నప్పుడు రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక కిక్ కొడితే ఎదురు తంతుంది. మొన్న మడమ దగ్గర వాచి రెండు రోజులు కుంటుతూ నడిచాను. ఐడిల్ ఒకసారి పెరుగుతుంది, ఒకసారి పడిపోతుంది. సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్‌లో మూడో గేరులో లాగితే హెడ్‌లోంచి టకటకమని శబ్దం. పాయింట్లు (తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు), అవి మాడకుండా కాపాడే కండెన్సర్ రెండూ కొత్తవే. గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు పెట్టాను.

పాయింట్లు తీసి పారేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసేయమని మా బావమరిది అంటున్నాడు. మా వీధి మెకానిక్ మాత్రం పాత ఇంజిన్ ప్రాణం పాయింట్లలోనే ఉందని అంటాడు. మీ అనుభవం చెప్పండి.

బరంపురం_కోస్తా

తమ్ముడూ, మీ బావమరిది మాట విను. నేను రోజూ బరంపురం నుంచి గోపాలపురం సముద్రం ఒడ్డుదాకా బుల్లెట్ మీదే వెళ్లి వస్తాను. ఉప్పుగాలికి పాయింట్ల మీద తెల్లటి పొర పట్టేది. వానాకాలంలో వారానికోసారి గరుకు కాగితం పెట్టి రుద్దాల్సి వచ్చేది. ఇప్పుడు దొరికే పాయింట్లలో, తిరుగుతూ వాటిని తెరిచే క్యామ్ మీద ఆనే మడమ ముక్క మెత్తగా ఉంటోంది. అది అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, వెనక్కి పోతుంది. ఆదివారం సెట్ చేస్తే తర్వాతి ఆదివారానికి బండి బరువెక్కేది.

నాలుగేళ్ల క్రితం కిట్ వేశాను. అప్పటినుంచి ఆ మూత తీయలేదు. బండి నడపడానికి కదా, ప్రతి వారం విప్పుకోవడానికి కాదు.

మల్కన్‌గిరి_దారి

అన్నా, మీకు బరంపురంలో ఏ వీధిలో ఆగినా ఆటో దొరుకుతుంది. నేనూ కిట్ వేసినవాణ్నే. గోవిందపల్లి ఘాట్‌లో సాయంత్రం ఆరింటికి ఛార్జింగ్ రెగ్యులేటర్ పాడై వోల్టేజ్ ఎగబాకింది. కిట్ మాడిపోయింది. ముందు వెనక అంతా అడవి. ఆ బండిని లారీ ఎక్కించడానికి రాత్రి తొమ్మిదయింది. పాయింట్లయితే జేబులో స్క్రూడ్రైవర్, చిన్న గరుకు కాగితం, ఒక కండెన్సర్ ఉంటే చాలు. బ్యాటరీ నీరసంగా ఉన్నా స్పార్క్ ఎంతోకొంత వస్తుంది. చాలా కిట్లకు ఒక హద్దు కంటే వోల్టేజ్ తగ్గితే అసలు స్పార్కే ఉండదు.

పైగా కరెంటు చూపే ఆంపియర్ మీటరు సంగతి ఎవరూ చెప్పరు. పాయింట్లున్న బుల్లెట్‌లో తాళం తిప్పి కిక్‌ని మెల్లగా నొక్కితే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు పోతుంది, తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. అక్కడ సిలిండర్‌లో ఒత్తిడి వదిలే మీట, డీకంప్రెసర్ పట్టి పిస్టన్‌ని కొద్దిగా దాటించి, వదిలి, పూర్తి కిక్ కొడితే బండి లేస్తుంది. మా తాతగారు నాకు నేర్పిన మొదటి విద్య అది.

బరంపురం_కోస్తా

రెగ్యులేటర్ పాడైతే బల్బులూ మాడతాయి, బ్యాటరీ కూడా ఉడికిపోతుంది. ఆ తప్పు కిట్‌ది ఎలా అవుతుంది తమ్ముడూ? ఛార్జింగ్ సరిచేసుకోకుండా కిట్ వేస్తే అలాగే అవుతుంది. నేను ముందు రెగ్యులేటర్ మార్చి, ఇంజిన్ రేస్ చేసి మీటర్‌తో కొలిచి, 14.5 వోల్టులు దాటడం లేదని చూసుకున్నాకే కిట్ వేశాను.

సునాబెడ_ఫిట్టర్

బాబులూ, నేను సునాబెడలో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మీరిద్దరూ చెప్పినవి నిజాలే. కానీ జయపురం బాబు అడిగినదానికి రెండూ జవాబు కావు.

అతను చెప్పిన మూడు లక్షణాలు చూడండి. కిక్ ఎదురు తన్నడం, ఐడిల్ నిలవకపోవడం, ఎత్తు మీద తక్కువ స్పీడులో టకటక. మూడూ స్పార్క్ ముందుగా వస్తోందని చెబుతున్నాయి. గ్యాప్ తగ్గితే స్పార్క్ ఆలస్యమవుతుంది. కండెన్సర్ పోతే పాయింట్లు మాడతాయి, వేడి మీద మిస్ఫైర్ వస్తుంది. అవి వేరే జబ్బులు. ఇక్కడ అనుమానించాల్సింది పాయింట్ల ప్లేటు కింద ఉన్న ఆటో అడ్వాన్స్ యూనిట్‌ని. అందులో రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని క్యామ్‌ని ముందుకు తిప్పుతాయి, వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. యాభై ఏళ్ల స్ప్రింగు సాగిపోతుంది. సాగిన స్ప్రింగు బరువుల్ని పట్టి ఉంచలేదు, అందుకే కిక్ వేగంలో కూడా క్యామ్ ముందుకి తేలుతుంది. లేదా పాత గ్రీజు ఎండి బరువులు విచ్చుకున్నచోటే అతుక్కుపోతాయి.

పరీక్ష సులువు. క్యామ్‌ని వేళ్లతో అది తిరిగే దిక్కుగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా, వదులుగా ఊగినా జబ్బు అక్కడే.

ఇప్పుడు మీ వాదనకి వస్తాను. బజారులో రెండు రకాల కిట్లు ఉన్నాయి. ఒక రకం పాయింట్ల స్థానంలో సెన్సర్ పెడుతుంది, కింద ఆ పాత అడ్వాన్స్ యూనిట్ అలాగే ఉంటుంది. దాన్ని వేస్తే ఈ బాబు మడమ మళ్లీ వాస్తుంది, డబ్బు పోతుంది, మన వాదన మాత్రం మిగులుతుంది. రెండో రకం అడ్వాన్స్‌ని కూడా ఎలక్ట్రానిక్స్‌తోనే చేస్తుంది. దానికి విలువ ఉంది. షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ ప్రతి చుట్టుకూ మారుతుంది. ఆ ఊగుడుని సెన్సర్ కొంతవరకు ఓర్చుకుంటుంది. అది కిట్ వైపు నిజమైన మంచి మాట.

ఇంకొకటి, టైమింగ్ ఎలా పెట్టావు బాబూ? ప్లగ్ రంధ్రంలోంచి సైకిల్ చువ్వ పెట్టి, స్పార్క్ పడే చోటు పిస్టన్ పై కొసకి 0.8 మిల్లీమీటర్ల కిందని కొలిచావా?

జయపురం_74

అవును మాస్టారూ. చువ్వ మీద గీత పెట్టి స్కేలుతో కొలిచాను. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి, అది జారినచోట బిగించాను.

సునాబెడ_ఫిట్టర్

కాగితం పద్ధతికి వంక లేదు. చువ్వతోనే ఇబ్బంది. బుల్లెట్‌లో ప్లగ్ ఏటవాలుగా ఉంటుంది. చువ్వ పిస్టన్ కదిలే గీతలో కదలదు, కాబట్టి అది చూపే కొలత పిస్టన్ కొలత కాదు. పైగా ఈ ఇంజిన్ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. పిస్టన్ పై కొసకి చేరేచోట క్రాంక్ చాలా తిరిగినా పిస్టన్ కదిలేది వెంట్రుకవాసి. 0.8 అనేది క్రాంక్ మీద పది డిగ్రీలకి కొంచెం తక్కువ. కొలతలో 0.4 తప్పితే రెండు డిగ్రీలు పోతాయి. పాయింట్లు, అడ్వాన్స్ యూనిట్ ఉండే డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది, కాబట్టి అక్కడ నువ్వు ఒక డిగ్రీ కదిపితే ఇక్కడ రెండు డిగ్రీలు.

ప్రైమరీ కవర్ తీసి క్రాంక్ కొసకి డిగ్రీల చక్రం బిగించు. జామెట్రీ బాక్సులోని కోణమానిని జిరాక్స్ తీసి పెద్దది చేసి అట్టకి అంటించుకున్నా సరిపోతుంది. ప్లగ్ రంధ్రంలో గట్టి అడ్డు పెట్టి ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా ఒకవైపు తాకేదాకా తిప్పి అంకె రాసుకో, రెండోవైపు తాకేదాకా తిప్పి రాసుకో. రెండింటి సరిమధ్యన పై కొస. కంప్రెషన్ స్ట్రోక్‌లోనే ఉన్నావని చూసుకోవడానికి వాల్వుల్ని తెరిచే ట్యాపెట్లు రెండూ వదులుగా ఉండాలి. అడ్వాన్స్ యూనిట్ పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలోనే టైమింగ్ పెట్టాలి. క్యామ్ వేళ్లకి తెలియకుండా ముందుకి జరిగి ఉంటే నువ్వు పెట్టిన లెక్కంతా తప్పుతుంది.

రాయగడ_యెజ్దీ

నమస్తే మాస్టారూ, మీ మాటకి ఒకటి కలుపుతాను. టకటకకి టైమింగ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. నా యెజ్దీలో గత రెండేళ్లుగా చూస్తున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒట్టి పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి దాదాపు 13.5 పాళ్లే చాలు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే పాత జెట్ మాత్రం అదే రంధ్రం. అంటే ఇంజిన్‌కి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ పడుతోంది. వేడెక్కుతుంది, ఘాట్‌లో కొట్టుకుంటుంది. ప్లగ్ తీసి చూడండి, తెల్లగా ఉంటే ఇదే.

మల్కన్‌గిరి_దారి

మనది ఎత్తు ప్రాంతం కదా, గాలి పల్చన. అది దీనికి సరిపోదా?

రాయగడ_యెజ్దీ

సగమే సరిపోతుంది తమ్ముడూ. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. గాలి దాదాపు 8 శాతం పల్చబడుతుంది. కార్బురేటర్‌లో మిశ్రమం దాని వర్గమూలం లెక్కన మారుతుంది కాబట్టి చిక్కబడేది 4 శాతం దగ్గర. పెట్రోలు వల్ల పల్చబడింది 8 శాతం దగ్గర. అదీ కోరాపుట్ ఊళ్లో లెక్క. సాలూరు దిగితే ఆ నాలుగూ ఉండవు. నేను మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, పెట్రోలు ఇంకాస్త ఎక్కువ వెళ్లేలా నీడిల్ క్లిప్ ఒక గాడి దించాను. ప్లగ్ బిస్కెట్ రంగుకి వచ్చింది.

ఇంకో జాగ్రత్త. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండి షెడ్డులో నెలలు నిలబెట్టేవాళ్లు ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచండి. పాత రబ్బరు పైపులు ఉబ్బి చీలుతాయి.

పర్లాకిమిడి_350

ఒక కాగితాల సంగతి. జయపురం అన్న బండి 1974ది, యాభై ఏళ్లు దాటింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు లేని బండికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ 5,000. రోజువారీ తిరగడానికి మాత్రం ఆ బండి వాడకూడదు. ఆ దారిలో పోవాలనుకుంటే పాత సీటు, పాత మడ్‌గార్డులు, పాయింట్ల అసెంబ్లీ ఒక్కటీ అమ్మకండి. పాత సామాను పాత ఇనుములోకి వేసేసి తర్వాత ఏడ్చినవాళ్లని చూశాను.

జయపురం_74

మూడు ఆదివారాలు అయింది. ఏం చేశానో రాస్తున్నాను.

మాస్టారు చెప్పినట్టే క్యామ్ తిప్పి వదిలాను. వెనక్కి రాలేదు, మధ్యలో ఆగి వదులుగా ఊగింది. ప్లేటు తీస్తే ఒక స్ప్రింగు రెండోదానికంటే కంటికి కనిపించేంత సాగి ఉంది. బరువుల కింద గ్రీజు నల్లటి జిగురుగా మారిపోయింది. కిరోసిన్‌లో కడిగి, పిన్నులకి ఒక్కొక్క చుక్క పల్చటి నూనె వేసి, విశాఖ నుంచి తెప్పించిన స్ప్రింగుల జత వేశాను. షాఫ్ట్ బుష్‌లో ఊగుడు లేదు.

తర్వాత అట్ట చక్రంతో పై కొస కనుక్కున్నాను. నేను ముందు చువ్వతో పెట్టిన టైమింగ్ దాదాపు నాలుగు డిగ్రీలు ముందుకి ఉంది. అంటే తప్పు రెండు చోట్ల ఉంది, రెండూ ఒకే వైపుకి కలిసి నన్ను తన్నాయి.

ఆ రోజు బండి వేడి చేసి, ఆపి, పదిసార్లు కిక్ కొట్టాను. ఒక్కసారి కూడా ఎదురు తన్నలేదు. మా నాన్నగారు వరండాలోంచి వింటూ ఉన్నారు. ఐడిల్ నిలబడగానే లేచి వచ్చి, ఏమీ అనకుండా ట్యాంకు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డారు.

ఘాట్‌లో టకటక చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. ప్లగ్ తెల్లగానే ఉంది. రాయగడ అన్న చెప్పినట్టు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి సాలూరు దాకా దిగి ఎక్కాను. సెమిలిగుడలో ఆపి ప్లగ్ తీస్తే లేత బిస్కెట్ రంగు. మూడో గేరులో శబ్దం లేదు.

కాబట్టి ఈ బండికి పాయింట్లే. బరంపురం అన్నా, మీ మాట కొట్టిపారేయడం లేదు. సముద్రం పక్కన ఉంటే నేనూ ఆలోచించేవాణ్ని. కానీ కిట్ వేసి ఉంటే పాత స్ప్రింగు అందులోనే ఉండిపోయేది.

బరంపురం_కోస్తా

ఒప్పుకుంటున్నాను తమ్ముడూ, నీ జబ్బు వినకుండా మందు రాశాను. నా బండికి మాత్రం కిట్టే ఉంచుతాను. జులైలో ఒకసారి గోపాలపురం వచ్చి రెండు వారాలు ఉండు, అప్పుడు మాట్లాడదాం. ఈలోగా నేను కూడా మూత తీసి నా అడ్వాన్స్ యూనిట్ చూస్తాను. నాది మొదటి రకం కిట్టే.

సునాబెడ_ఫిట్టర్

చూసి చెప్పు బాబూ. స్ప్రింగులు రెండూ ఒకేసారి మార్చు, ఒక్కటే మార్చకు.