అప్‌డేట్: యాంప్లిఫయర్ పెట్టాక వచ్చిన కూత పోయింది

కారు స్టీరియోకి 4 ఛానల్ యాంప్లిఫయర్ తగిలించాక, రేస్ ఇచ్చేకొద్దీ స్పీకర్లలో సన్నగా కూత పెరుగుతోందని అడిగాను కదా. ముందు గ్రౌండ్ (యాంప్‌ని కారు బాడీకి కలిపే మైనస్ వైరు) చూడమన్న అన్నలకు దండాలు, తప్పు అక్కడే ఉంది.

ఇంజన్ ఆన్‌లో పెట్టి, పాట గట్టిగా మోగుతుండగా యాంప్ గ్రౌండ్ టెర్మినల్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.6 వోల్టులు. 0.1 లోపే ఉండాలి. గ్రౌండ్ వైరు బిగించిన సీటు బోల్టు కింద పెయింట్ అలాగే ఉంది, వైరు చివరి రింగు చుట్టూ తుప్పు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఇది తొందరగా వస్తుంది. ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకి, 4 గేజ్ రాగి వైరు అర మీటరు లోపు పెట్టి, బిగించాక పైన గ్రీజు పూశాం. ఇప్పుడు 0.04.

పాత వైరు కోసి బ్లేడుతో గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. రాగి పూత వేసిన అల్యూమినియం. కొనేటప్పుడే గీకి చూడండి.

కొంచెం కూత మిగిలితే ఆర్‌సీఏ కేబుల్‌ని (స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేది) పవర్ వైరుకు దూరంగా ఎదురు పక్కకు మార్చాం, అంతటితో పోయింది.

యాంప్ మీద ఉండే గెయిన్ నాబ్‌ని (స్టీరియో సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సర్దేది) వాల్యూమ్‌లా తిప్పొద్దు. స్పీకర్లు విప్పి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ వేసి, యాంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టులు కొలుస్తూ గెయిన్ పెంచాలి. 4 ఓమ్స్‌ స్పీకర్‌కి 75 వాట్లంటే 17.3 వోల్టుల దగ్గర ఆపాలి.

పవర్ వైరు ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలన్నా, యాంప్ దగ్గర కాదు. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంటే.