కిడ్నీ క్యాన్సర్ మందు వాడుతూ టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ మాత్ర వెయ్యాలా, వద్దా?

గాజువాక_శ్రీను:
మా మావయ్యకి కిడ్నీ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపిస్తున్నాం. సునిటినిబ్ అనే క్యాన్సర్ మందు నాలుగు వారాలు వేసి రెండు వారాలు ఆపుతారు. ఇప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే రక్తంలో ఇది పెరుగుతుందట) 38 వచ్చింది, థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర రాశారు. ఆ హార్మోన్ క్యాన్సర్‌కి మేత అని మా తమ్ముడి వాదన. షీటు ఇంకా చింపలేదు. ఏటి చెయ్యమంటారు?

సీతమ్మధార_వాసి:
తమ్ముడిది గాలిమాట కాదు. టీ4, అంటే థైరాక్సినే, కణం మీదున్న ఆల్ఫావీ బీటా3 ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని కణాల పెరుగుదలకీ, కొత్త రక్తనాళాలకీ ఊతమిస్తుందని ల్యాబుల్లో చూశారు. పైగా ఈ మందుతో థైరాయిడ్ తగ్గినవాళ్లే ఎక్కువకాలం బతికారని కొన్ని పరిశీలనలున్నాయి. తగ్గినదాన్ని మళ్లీ పెంచడం దేనికి?

ఉక్కునగరం_పద్మ:
ఆ రెండో మాటలోనే తిరకాసు ఉందండీ. మందు పనిచెయ్యకపోతే మధ్యలోనే ఆపేస్తారు, వాళ్లకి థైరాయిడ్ దెబ్బతినేంత టైమే ఉండదు. ఎక్కువకాలం వాడగలిగినవాళ్లకే అది తగ్గుతుంది. ఇక లెక్కలో వాళ్లే బాగున్నట్టు కనపడరూ? రక్తనాళాల్ని అడ్డుకునే మందు కాబట్టి థైరాయిడ్‌లోని సన్ననాళాలూ దెబ్బతింటాయి. మందు గట్టిగా పనిచేస్తోందనడానికి అది గుర్తు అయితే కావచ్చు. కణితిని ఆపింది థైరాయిడ్ తగ్గడమే అనడానికి రుజువేది?

ఇంకోటి. కిడ్నీ కణితిలో టీ4ని దాని చురుకైన రూపం టీ3గా మార్చే ఎంజైమ్ బాగా పడిపోయి ఉంటుంది, టీ3ని అందుకునే రిసెప్టర్‌లో కూడా లోపాలు దొరికాయి. హార్మోన్ ఇస్తే కణితి పెరిగిపోతుందని అంత సూటిగా ఎలా అంటాం?

మా ఆయన మే నెల ఉక్కపోతలో దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. ముఖం ఉబ్బిపోయింది, మాట ముద్దగా వచ్చేది. క్యాన్సర్ మందు పడట్లేదనుకుని డోసు తగ్గించబోయారు. టీఎస్‌హెచ్ చూశాక థైరాక్సిన్ మొదలుపెట్టి, అసలు మందు పూర్తి డోసులోనే నడిపారు.

సీతమ్మధార_వాసి:
అయితే థైరాయిడ్ క్యాన్సర్‌లోలా టీఎస్‌హెచ్‌ని అడుక్కి తొక్కేస్తారా?

ఉక్కునగరం_పద్మ:
లేదండీ, మామూలు స్థాయికి తెస్తారంతే.

సీతమ్మధార_వాసి:
సరే, 38కి నేను అడ్డుచెప్పను. ఎనిమిదో తొమ్మిదో ఉండి మనిషి హుషారుగా తిరుగుతుంటే మాత్రం ఆగి చూడమనే అంటాను. ఇంటెగ్రిన్ సంగతి మీరు తేల్చలేదు కూడా.

ఉక్కునగరం_పద్మ:
ఎనిమిదికి నేనూ తొందరపడను. ఇంటెగ్రిన్ గొడవ తేలేదాకా 38తో మనిషిని కూర్చోబెట్టలేం కదా.

గాజువాక_శ్రీను:
మావయ్యకి గుండెలో స్టెంట్ ఉంది. 25 మైక్రోగ్రాములు రాశారు. పొద్దున్నే ఐరన్ మాత్ర కూడా వేస్తున్నాం.

ఉక్కునగరం_పద్మ:
గుండె జబ్బుంటే తక్కువ డోసుతోనే మొదలెడతారు. స్టెంట్ సంగతి వాళ్లకి తెలుసో లేదో ఒకసారి అడగండి. థైరాక్సిన్ పరగడుపున, కాఫీకి అరగంట ముందు. ఐరన్ నాలుగు గంటల తర్వాతే.