సిడ్నీ ఒపేరా హౌస్‌లో ఒపేరాని చిన్న హాల్లోకి ఎందుకు నెట్టారు?

రంగాలంకరణ:
పేరేమో ఒపేరా హౌస్, అంటే పాటలతో నడిచే నాటకాల ఇల్లు. తీరా చూస్తే రెండు వేల ఆరు వందల పైచిలుకు సీట్లున్న పెద్ద హాలు సింఫనీ (పెద్ద వాద్యబృందం) కచేరీలది, ఒపేరాకి పక్కనున్న 1,507 సీట్ల హాలు. మొదటి ప్లానే అంతా? మధ్యలో మార్చారా?

తెరతాడు:
మధ్యలోనే మార్చారండీ. 1957లో ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ గెలిచిన డిజైన్ పోటీలో పెద్ద హాలు సింఫనీకీ, ఒపేరాకీ రెండింటికీ పనికిరావాలన్నారు. చిక్కంతా అక్కడే. సింఫనీకైతే వాద్యం ఆగాక కూడా నాదం రెండు సెకన్ల దాకా హాల్లో నిలవాలి. ఒపేరాలో అంతసేపు నిలిస్తే సాహిత్యం ముద్దయిపోతుంది, సెకనున్నరలోపే అణగాలి. పైగా ఒపేరాకి సెట్లు పైకి లాగే ఎత్తైన స్టేజీ టవరు కావాలి, అదేమో నాదాన్ని మింగేస్తుంది. ఆర్కెస్ట్రా నడిపే ఏబీసీ (ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ) వాళ్లు కచేరీలకి 2,800 సీట్లు కావాలన్నారు. 1966 ఫిబ్రవరిలో ఉట్జన్ తప్పుకున్నాక, ఆ పని అందుకున్న ఆర్కిటెక్ట్ పీటర్ హాల్ ఆ హాలుని కచేరీలకే ఇచ్చేసి, ఒపేరాని పక్కకి పంపారు. అప్పటికే బిగించిన స్టేజీ యంత్రాలని ఊడదీశారు.

నేపథ్యం:
చిన్న సవరణ. హాల్ ఒక్కరే కాదు, టాడ్, లిటిల్‌మోర్‌తో కలిసి ముగ్గురు ఆర్కిటెక్టుల బృందం. హాలు లోపలి డిజైన్ మాత్రం హాల్‌దే.

నష్టపోయింది ఒపేరానే. రెండు హాళ్లూ పక్కపక్కనే గవ్వచిప్పల్లాంటి కప్పుల కింద ఇరుక్కుని ఉన్నాయి, వింగ్స్‌కి (స్టేజీకి రెండు పక్కలా ఉండే మరుగు జాగాకి) చోటే లేదు. మన నాటకాల్లోలాగా సెట్టుని పక్కకి తోసేద్దామంటే కుదరదు, కింది అంతస్తు నుంచి లిఫ్టు మీద రావాల్సిందే. పిట్ (స్టేజీ ముందు వాద్యకారులు కూర్చునే గొయ్యి) కూడా ఇరుకు, చాలా భాగం స్టేజీ కిందికి దూరిపోయి ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్ల చెవులు హోరెత్తుతాయి, ప్రేక్షకుడికి మాత్రం మూతపెట్టినట్టు వినిపిస్తుంది. 2017 మరమ్మతుల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో దీన్ని కొంత సర్దారు.

రంగాలంకరణ:
పోనీ, కచేరీలకైనా పెద్ద హాలు బాగా కుదిరిందా?

తెరతాడు:
వెంటనే కుదర్లేదు. కప్పు స్టేజీకి 25 మీటర్ల ఎత్తున ఉంది. ధ్వని పైకి 25, కిందికి 25 తిరిగొచ్చేసరికి సెకనులో ఏడో వంతు గడిచిపోతుంది. వాయించేవాళ్లకి పక్కవాడి వాద్యమే సరిగ్గా వినబడదు, ఇక కలిసి వాయించేదెట్లా? అందుకే ధ్వని త్వరగా కిందికి తిరిగొచ్చేలా పైన అక్రిలిక్ వలయాలు వేలాడదీశారు. చూడ్డానికి గారెల్లా ఉండేవి, పనితనం అంతంతమాత్రం. 2020లో హాలు మూసి 2022 జూలైలో తెరిచారు. వలయాల స్థానంలో ఫైబర్‌గ్లాస్ రేకులు 18 వచ్చాయి, మోటార్లతో దించుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. స్టేజీని 40 సెంటీమీటర్లు దించారు. గోడలకి ధ్వనిని చెదరగొట్టే చెక్క పలకలు కొట్టారు.

నేపథ్యం:
బట్ట తెరలు మర్చిపోయారు. మైకులతో ప్రోగ్రామైతే అవి దిగుతాయి, లేకపోతే ఆ రెండు సెకన్ల నాదంలో డ్రమ్స్ దెబ్బమీద దెబ్బ కలిసిపోయి గోలగోలే.