రిక్వెస్టుకో థ్రెడ్‌పూల్: సాయంత్రానికి సర్వర్ పడిపోతోంది

కూకట్‌పల్లి_కోడర్:
జావా 17, స్ప్రింగ్ బూట్, 4 కోర్లు, 2 జీబీ కంటెయినర్. పొద్దున రీస్టార్ట్ చేస్తే సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది, తర్వాత లాగ్‌లో ‘అన్‌ఏబుల్ టు క్రియేట్ నేటివ్ థ్రెడ్’, అంటే కొత్త థ్రెడ్ పుట్టించలేనని. హీప్ (జావా ఆబ్జెక్టులుండే మెమరీ) మాత్రం సగం ఖాళీ. పేమెంట్ స్టేటస్, ఓటీపీ, ఇన్‌వాయిస్ మూడింటినీ ఒకేసారి పిలవడానికి కంట్రోలర్ మెథడ్‌లోనే న్యూఫిక్స్‌డ్‌థ్రెడ్‌పూల్(3), అంటే పక్కపక్కనే పని చేసే మూడు థ్రెడ్ల గుంపు, రాసి ఉంది. యూలిమిట్ (థ్రెడ్లకు లినక్స్ పెట్టే హద్దు) పెంచితే సరిపోతుందా?

మలక్‌పేట_బ్యాకెండ్:
పెంచితే సాయంత్రం పడేది రాత్రికి పడుతుంది, అంతే. ముందు జెస్టాక్‌తో డంప్ (నడుస్తున్న థ్రెడ్ల జాబితా) తీసి థ్రెడ్ పేర్లు చూడండి. పూల్-812-థ్రెడ్-1, పూల్-813-థ్రెడ్-1 అంటూ మధ్య అంకె పెరుగుతూ పోతుంటే రిక్వెస్టుకో పూల్ పుడుతున్నట్టే. షట్‌డౌన్ పిలవకపోతే ఆ థ్రెడ్లు పనైపోయినా పోవు, కొత్త పని కోసం క్యూ దగ్గరే కాచుకుని ఉంటాయి. మెథడ్ ముగిసినా గార్బేజ్ కలెక్టర్ పూల్‌ను ముట్టుకోదు, బతికున్న థ్రెడ్లే దాన్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి. 64 బిట్ లినక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు మామూలుగా 1 ఎంబీ రిజర్వ్ అవుతుంది, అదీ హీప్ బయట. కంటెయినర్ కాబట్టి సీగ్రూప్‌లో (కంటెయినర్‌కు లినక్స్ పెట్టే హద్దులు) పిడ్స్.మ్యాక్స్, అంటే థ్రెడ్ల గరిష్ఠ సంఖ్య, ఎంతుందో కూడా చూడండి.

పూల్‌ను ఒకే ఒక్క బీన్‌గా (యాప్ అంతా పంచుకునే ఆబ్జెక్టుగా) బయటికి తీయండి. సైజుకి లెక్క: సెకనుకు 40 కాల్స్, ఒక్కోటి 0.3 సెకన్లు అయితే 12 థ్రెడ్లు చాలు, 16 పెట్టుకోండి. క్యూ మాత్రం అర్రేబ్లాకింగ్‌క్యూ, 200. పూల్‌లో ఎప్పుడూ ఉండే థ్రెడ్లు (కోర్) 4, గరిష్ఠం (మ్యాక్స్) 50 అని రాసి క్యూకి హద్దు పెట్టకపోతే 50 ఎప్పటికీ రాదు. క్యూ నిండితేనే కోర్ దాటి కొత్త థ్రెడ్ పుడుతుంది. అమీర్‌పేట నోట్సుల్లో ఈ ముక్క ఉండదు లెండి.

నాంపల్లి_నెట్‌వర్క్:
క్యూ నిండితే ఏం చెయ్యాలో కూడా తేల్చుకోండి. కాలర్‌రన్స్ (పని ఇచ్చిన థ్రెడ్డే చేసుకోవాలనే పద్ధతి) పెడితే ఆ పని టామ్‌క్యాట్ (రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్) థ్రెడ్ మీద పడుతుంది. అవతలి పేమెంట్ గేట్‌వే జవాబివ్వకపోతే టామ్‌క్యాట్ డీఫాల్ట్ 200 థ్రెడ్లూ అక్కడే ఇరుక్కుంటాయి. కనెక్ట్ టైమ్‌అవుట్ 2 సెకన్లు, రీడ్ 5 పెట్టి, నిండితే 503 (ఇప్పుడు కుదరదనే జవాబు) పంపడమే నాకు నయమనిపిస్తుంది.

ఇంకోటి, ఆ మెథడ్‌లోనే కొత్త హెచ్‌టీటీపీక్లయింట్ కూడా కడుతున్నారేమో చూడండి. డంప్‌లో సెలెక్టర్‌మేనేజర్ పేర్లు వరుసగా కనిపిస్తే అదే. ఒక్క క్లయింట్‌ను అందరికీ వాడండి. పూల్‌లో నడిచే పని మళ్ళీ అదే పూల్‌కి పని ఇచ్చి గెట్ మీద (ఫలితం వచ్చేదాకా) ఆగకూడదు. 16 థ్రెడ్లూ అలా ఆగితే ఏదీ కదలదు, డెడ్‌లాకే. అసలు పేమెంట్ స్టేటస్ తెలిశాకే ఇన్‌వాయిస్ అయితే, ఆ రెండింటికీ వేర్వేరు థ్రెడ్లు ఎందుకు?

కూకట్‌పల్లి_కోడర్:
సెలెక్టర్‌మేనేజర్లు కూడా వందల్లో ఉన్నాయన్నా. జావా 21కి వెళ్ళి వర్చువల్ థ్రెడ్లు (జేవీఎం నడిపే తేలికపాటి థ్రెడ్లు) వాడితే ఈ పూల్ గొడవ తప్పుతుందా?

మలక్‌పేట_బ్యాకెండ్:
పూల్ అక్కర్లేదు, పనికొకటి పుట్టించుకోవచ్చు. కానీ హద్దు ఇంకోచోట పెట్టాలి: హికారీ (డేటాబేస్ కనెక్షన్ల పూల్) డీఫాల్ట్ కనెక్షన్లు 10 మాత్రమే, వెయ్యి వర్చువల్ థ్రెడ్లు వచ్చినా వాటి ముందే నిలబడతాయి. గేట్‌వే కాల్స్‌కు సెమాఫోర్ (ఒకేసారి ఇన్నే అనే హద్దు) పెట్టండి. పైగా జావా 24కి ముందు సింక్రనైజ్డ్ బ్లాక్‌లో (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే కోడ్) ఆగితే కింద మోసే అసలు థ్రెడ్ కూడా ఆగిపోతుంది, 4 కోర్ల మీద అవి మామూలుగా 4 ఉంటాయి. పాత లైబ్రరీలు ఉంటే ముందు పూల్‌నే సరిచేసి, యాక్చువేటర్‌లో (స్ప్రింగ్ బూట్‌లో కొలతలు చూపే భాగం) జేవీఎం.థ్రెడ్స్.లైవ్, అంటే బతికున్న థ్రెడ్ల సంఖ్య, గీత సాయంత్రం లోడ్‌లో పైకి ఎక్కుతూనే ఉందా, ఒకచోట నిలబడిందా చూసుకోండి.