లాడ్జి తెరమీద ‘ఇప్పుడేం వస్తోంది, తర్వాత ఏముంది’: ప్రసార డేటా ఎక్కడినుంచి తీసుకోవాలి?

అలిపిరి_దారి:
తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌కి తెర తయారు చేస్తున్నాను. 32 అంగుళాల టీవీ, వెనకాల రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, క్రోమియం బ్రౌజర్ కియోస్క్ మోడ్‌లో, అంటే తెర నిండా ఒకే పేజీ. భక్తి చానల్లో, రేడియోలో ఇప్పుడు ఏ కార్యక్రమం నడుస్తోంది, దాని తర్వాత ఏది అని యాత్రికులకి కనిపించాలి. వీలైతే రేడియో కూడా వినిపించాలి. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒక ఎం3యూ8 లింకు, అంటే ప్రసారాన్ని ఆడించే ఫైలు చిరునామా, దొరికింది. నా పేజీలో పెడితే కోర్స్ ఎర్రర్, అంటే వేరే సైటు డేటాని నా పేజీ వాడుకోకుండా బ్రౌజర్ ఆపుతోంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది, కొన్ని గంటలయ్యాక 403 (అనుమతి లేదు) ఇస్తుంది. పైగా ఆ ఫైల్లో కార్యక్రమం పేరే లేదు. డెవలపర్ల కోసం తెరిచిపెట్టిన ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగి తీసుకునే దారి, లేని చోట దీన్ని సరైన పద్ధతిలో ఎట్లా చేయాలి?

గాంధీరోడ్_లైనక్స్:
స్ట్రీమ్ వేరు, స్ట్రీమ్ గురించిన డేటా వేరు. ముందు ఈ రెండింటినీ విడదీయండి, సగం చిక్కు అక్కడే తీరుతుంది.

ఎం3యూ8 అంటే ముక్కల జాబితా. ఏ ముక్క ఎక్కడుంది, ఎన్ని సెకన్లు, వరుస సంఖ్య ఎంత అన్నదే అందులో ఉంటుంది. కార్యక్రమం పేరు ఉండాలన్న నియమం లేదు. 403 ఎందుకంటే, లింకు చివర ఉండే టోకెన్‌కి గడువుంటుంది. అది అయిపోగానే సర్వర్ తలుపు వేసేస్తుంది. కోర్స్ అనేది బ్రౌజర్ పెట్టే కట్టడి కాబట్టి వీఎల్‌సీకి అది అడ్డు కాదు.

మధ్యలో ఒక ప్రాక్సీ, అంటే వాళ్ల డేటా తెచ్చి మీ పేజీకి అందించే సర్వర్, పెట్టుకోండి అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది చేయొద్దు. అప్పుడు వాళ్ల ప్రసారాన్ని మీ సర్వర్‌నుంచి మీరే మళ్లీ ప్రసారం చేసినట్టవుతుంది. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 37 ప్రకారం ప్రసార సంస్థకి తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఉంది. లాడ్జి అంటే వ్యాపార స్థలం, అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆడియో కావాలంటే స్టేషన్‌కి రాసి, రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. అది వచ్చేదాకా కార్యక్రమాల పట్టిక ఒక్కటే చూపించండి.

కాణిపాకం_పైథాన్:
తెరిచిపెట్టిన ఏపీఐ ఎట్లా ఉండాలో చూడాలంటే స్వీడన్ ప్రజా రేడియో, స్వెరియెస్ రేడియో వాళ్లది చూడండి. కీ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మామూలుగా ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది, ఫార్మాట్ అనే పారామీటర్ పెడితే జేసన్ ఇస్తుంది; రెండూ డేటాని రాసే రూపాలే. పీ1 చానల్ నంబర్ 132. ‘రైట్‌నౌ’ అని అడిగితే ఇంతకుముందుది, ఇప్పటిది, తర్వాతిది మూడూ ఒకేసారి వస్తాయి. మీ తెరకి కావాల్సింది సరిగ్గా అదే. రెండు చోట్ల తడబడతారు. జాబితాలు పేజీకి 10 చొప్పునే వస్తాయి, పేజినేషన్ (పేజీలుగా విడగొట్టడం) ఆపకపోతే మిగతావి కనపడవు. జేసన్‌లో సమయం మిల్లీసెకన్ల అంకెగా, ‘డేట్’ అన్న మాటా బ్రాకెట్లూ తగిలించుకుని వస్తుంది. అంకెను విడదీసి మార్చుకోవాలి.

మీ కోడ్‌ని ఈ ఆకారానికే రాసుకోండి. తెర భాగానికి మూడు పేర్లు, మూడు సమయాలు అందితే చాలు. డేటా ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక చిన్న అడాప్టర్, అంటే డేటాని తెచ్చి ఈ ఆకారంలోకి మార్చే కోడ్ ముక్క, చూసుకోవాలి. తెరిచిన తలుపులు మూతపడతాయి కూడా. బీబీసీ 2005లో బ్యాక్‌స్టేజ్ పేరుతో తన డేటా వాడుకోమని డెవలపర్లని పిలిచింది, 2010 చివర్లో దాన్ని ఆపేసింది. అడాప్టర్ ఒక్కటే మార్చుకునేట్టుంటే మిగతా పని వృథా కాదు.

ఇంకొకటి. సెకనుకోసారి సర్వర్‌ని అడగొద్దు. ఇప్పటి కార్యక్రమం ముగిసే సమయం మీ చేతిలోనే ఉంది, టైమర్ దానికి పెట్టండి. సర్వర్ ఈట్యాగ్ (ఆ డేటా వెర్షన్‌కి గుర్తు) ఇస్తుంటే దాన్ని దాచుకుని తర్వాతిసారి పంపండి. మార్పు లేకపోతే 304 వస్తుంది, డేటా రాదు.

తిరుచానూరు_నోడ్:
ఏపీఐ లేదు కాబట్టి పట్టిక మీరే తయారు చేసుకోవాలి. టీవీ పట్టికలకి వాడే ఎక్స్‌ఎంఎల్‌టీవీ రూపంలో రాసుకోండి. ప్రతి సమయం పక్కనా +0530 తప్పనిసరిగా పెట్టండి; మన సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందని దానర్థం.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, మన దగ్గర అసలైన ప్రసారాలు తెల్లవారుజామునే ఉంటాయి. మన 3 గంటలు యూటీసీలో ముందురోజు రాత్రి 9:30. ‘ఈరోజు కార్యక్రమాలు’ అని యూటీసీ తేదీతో వడకడితే ఉదయం 5:30 లోపు ఉన్నవన్నీ నిన్నటి ఖాతాలోకి పోతాయి. తెరమీద సుప్రభాతమే ఉండదు. తిరుపతిలో ఏ యాత్రికుడైనా మొదట పట్టేసే తప్పు అది.

వారానికొక పట్టిక రాసి తిప్పుతూ ఉంటే కూడా కుదరదు. ధనుర్మాసంలో కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై. బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ప్రత్యక్ష ప్రసారం మామూలు పట్టికని పక్కకి నెట్టేస్తుంది. గరుడ సేవ రోజైతే ఎప్పుడు ముగుస్తుందో ముందుగా రాయలేం. అందుకని రెండు ఫైళ్లు పెట్టుకోండి. ఒకటి వారం పట్టిక, రెండోది తేదీలవారీ మార్పులు. రెండోదాంట్లో ఆ తేదీ ఉంటే అదే చెల్లాలి. ముగింపు సమయం తెలియనప్పుడు ఊహించి రాయకుండా ‘ప్రత్యక్ష ప్రసారం’ అని మాత్రం చూపండి.

హార్డ్‌వేర్ సంగతి కూడా చెప్పాలి. రాస్‌బెర్రీ పై 4లో గడియారం చిప్పు లేదు. కరెంటు పోయి వస్తే, చివరిసారి దాచుకున్న పాత సమయంతోనే లేస్తుంది. రౌటర్ లేచి నెట్ అందేదాకా తెరమీద తప్పు కార్యక్రమం కనిపిస్తుంది. డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ పెట్టండి. నాలుగు వైర్లు చాలు: 3.3 వోల్టులు, గ్రౌండ్, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. అది పెట్టలేకపోతే సమయం సింక్ అయ్యేదాకా పేర్లు దాచి, లాడ్జి పేరొక్కటే చూపండి.

అలిపిరి_దారి:
చాలా స్పష్టంగా ఉందన్నా. యూటీసీ తప్పు నా కోడ్‌లోనూ ఉంది, ఈరోజే మారుస్తా. ఆడియోకి అనుమతి వస్తే, పేరు మారే క్షణమూ వినిపించేదీ కలుస్తాయా?

గాంధీరోడ్_లైనక్స్:
వాటంతట అవి కలవవు. హెచ్‌ఎల్‌ఎస్ ప్లేయర్, అంటే ఎం3యూ8 ముక్కల్ని ఆడించేది, మామూలుగా చివరినుంచి మూడు ముక్కలు వెనక మొదలవుతుంది. ముక్క 10 సెకన్లయితే అక్కడే 30 సెకన్లు, ఎన్‌కోడర్ ఆలస్యం అదనం. తెరమీద ‘వార్తలు’ అని పడుతుంది, చెవికి ఇంకా పాటే వినిపిస్తుంది. ప్లేలిస్టులో (అదే ఎం3యూ8లో) ముక్క అసలు సమయం చెప్పే ప్రోగ్రామ్ డేట్ టైమ్ ట్యాగ్ ఉంటే, బ్రౌజర్‌లో ఆడించే హెచ్‌ఎల్‌ఎస్ జేఎస్ లైబ్రరీలో ‘ప్లేయింగ్ డేట్’ చదవండి, పట్టికని దానితో పోల్చండి, గోడ గడియారంతో కాదు. ట్యాగ్ లేకపోతే ఆలస్యాన్ని ఒకసారి కొలిచి, కాన్ఫిగ్‌లో అంకెగా పెట్టుకోండి.

కాణిపాకం_పైథాన్:
రేడియో పట్టిక గురించి ఒక మాట. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) 2005 దానికి వర్తిస్తుంది. కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు, జవాబుకి 30 రోజుల గడువు. కొత్తగా ఫైలు తయారు చేసివ్వమని అడిగితే కాదనే వీలుంది. అందుకే ‘వచ్చే నెల ప్రసార పట్టిక మీ కంప్యూటర్లో ఏ రూపంలో ఉంటే ఆ ఫైలే, ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వండి’ అని రాయండి. అడిగిన రూపంలోనే ఇవ్వాలని సెక్షన్ 7(9) చెప్తుంది, వనరుల మీద మరీ భారం పడితే తప్ప. దరఖాస్తుకి ముందు స్టేషన్ కార్యక్రమ విభాగానికి ఒక మామూలు ఉత్తరం రాయండి. ఎక్సెల్ షీటు నెలనెలా మెయిల్‌లో వస్తే మీ అడాప్టర్‌కి అదే ఏపీఐ.