టారంటులా ఐదు వారాలుగా తినడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (డాలస్ నాన్న):
మా అబ్బాయి పోరు పడలేక రెండేళ్ల క్రితం మెక్సికన్ రెడ్‌నీ అనే టారంటులా సాలీడును కొన్నాం. వాడు కాలేజీకి వెళ్లిపోయాడు, ఇది నా నెత్తిన పడింది. వారానికో కీచురాయి వేస్తాను, చిన్న మూతలో నీళ్లు మారుస్తాను, అంతే. ఇప్పుడు ఐదు వారాలుగా కీచురాయిని ముట్టుకోవడం లేదు. వెనక్కాళ్లతో రోమాలు రాల్చుకుని పొట్ట మీద బోడిగా చేసుకున్న చోటు నల్లబడింది. చలికేమోనని వేడి లైటు పెడదామనుకుంటున్నా. మా ఆవిడైతే పోతే పీడా పోతుందంటోంది.

జవాబు (ఎనిమిది కాళ్లు):
లైటు వద్దండీ, ఒళ్లు ఎండిపోతుంది. మీకు హాయిగా ఉన్న గది దానికీ చాలు. బోడి చోటు నల్లబడిందంటే కుబుసం విడవబోతోంది. ముందు ఆ కీచురాయిని తీసేయండి. ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు అదే దీన్ని కొరుకుతుంది. ఏదో ఒకరోజు వెల్లకిలా పడుకుంటుంది, ముట్టుకోకండి. నాది మొదటిసారి అలా పడుకుంటే పోయిందనుకుని పెరట్లో గొయ్యి తవ్వొచ్చాను. తిరిగొచ్చేసరికి పెట్టెలో రెండున్నాయి! నిజంగా చచ్చేది సాధారణంగా బోర్లానే, కాళ్లు కిందికి ముడుచుకుని ఉంటుంది. కొత్త కోరలు తెల్లగా వస్తాయి. నల్లబడేదాకా, అంటే రెండు వారాలు, మేత వేయకండి. నీళ్లు మాత్రం ఉండాలి.

జవాబు (గుత్తి కుర్రాడు):
అన్నా, మా ఊరి పేరున్న నీలి సాలీడును పెంచొచ్చా? ఇక్కడెవరికీ దాని సంగతే తెలీదు.

జవాబు (ఎనిమిది కాళ్లు):
తమ్ముడూ, 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మొదట వర్ణించింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినదాన్ని. కలపతో పాటు వచ్చి ఉంటుంది, అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. అంతరించే అంచున ఉంది, అడవిలోనే ఉండనీ. పైగా మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే కండరాలు పట్టేస్తాయి.

డాలస్ నాన్న:
రాత్రి వెల్లకిలా పడింది. మీరు చెప్పి ఉండకపోతే నేనూ గొయ్యి తవ్వేవాణ్ణే. తీరా చూస్తే మా ఆవిడే గదిలో లైటు తీసేసి, ఎవర్నీ రానివ్వకుండా కాపలా కూర్చుంది. పొద్దున్నకి రెండయ్యాయి. పాత తోలు పారేయనా?

ఎనిమిది కాళ్లు:
అయ్యో, పారేయకండి. తడిపి విప్పి, పొట్ట భాగం లోపలివైపు చూస్తే ఆడో మగో తెలుస్తుంది. ఫొటో పెట్టండి. ఆడదైతే ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. ఆ సంగతి మీ ఆవిడకి ఇప్పుడే చెప్పకండి.